మూత ఒక్కటే వచ్చింది

పదకొండున్నర అవుతోంది. పొద్దున బండి దిగిన దగ్గర్నుంచి మూడు విడతల బట్టలు ఉతికాను, ఇల్లు తుడిచాను, అయినా నిద్ర రావడం లేదు. సింకు పక్కన ఒక స్టీలు మూత బోర్లించి ఉంది. వంటింట్లో లైటు తీసేసినా అది అక్కడుందని తెలుస్తూనే ఉంది.

అది పెద్దమ్మ క్యారేజీ మూత. క్యారేజీ మాత్రం రైల్లో ఉండిపోయింది.

ఇవాళ్టిది అసలు ఈయన మీద రాద్దామని కూర్చున్నాను. నేనెప్పుడూ మొత్తుకునేదే కదా, దిగేముందు సామాన్లు లెక్కపెట్టమని. వెళ్ళేటప్పుడు ఆరు, వచ్చేటప్పుడు పదమూడు. పెద్దమ్మ ఇంటికి వెళ్తే సామాను అలా పిల్లల్ని పెడుతుంది. రెండు సీసాల బెల్లం ఆవకాయ, చోడిపిండి సంచి, జంతికల డబ్బా, వదిన ఇచ్చిన చీరల కవరు, పిల్లాడు తిరునాళ్ళలో కొన్న బూర, అన్నిటికీ మించి ఒక గుమ్మడికాయ. పెరట్లో కాసిందట. హైదరాబాదులో గుమ్మడికాయలు దొరకవన్నట్టు ఎనిమిది కిలోల కాయని గోనెసంచిలో కట్టి, మూతి మీద తాడుతో పట్టుకోవడానికి పిడి కూడా అల్లి ఇచ్చింది. "దప్పళం పెట్టుకుందువు గాని" అంది. నేను వద్దన్నాను. వద్దంటే పెద్దమ్మ దగ్గర "ఇంకోటి కూడా ఇవ్వు" అని అర్థం. నోరు మూసుకున్నాను.

సికింద్రాబాద్‌లో ఈయన ఆ గుమ్మడికాయని చంకలో పసిపిల్లాడిలా పెట్టుకుని దిగాడు. ఒక్క గీత పడలేదు దాని మీద. క్యారేజీ మాత్రం బెర్తు కింద ఉండిపోయింది. ఆటోలో తార్నాక దాటాక గుర్తొచ్చింది నాకు. ఫోన్ తీసి 139కి చేశాను, పీఎన్ఆర్ చెప్పాను, బోగీ నంబరు, బెర్తు నంబరు చెప్పాను. రాసుకున్నారు. బండి అప్పటికే యార్డుకి వెళ్ళిపోయిందిట.

"పదమూడిట్ల పన్నెండు నేనే దించిన" అన్నాడీయన.

మధ్యాహ్నమంతా ఆ ఒక్క మాటకే దెబ్బలాడాను. పన్నెండు దించినవాడికి పదమూడోది కనపడదా? వంగి బెర్తు కింద ఒకసారి చూస్తే నడుం విరుగుతుందా? సాయంత్రం ఇంకో సలహా. "బేగంబజార్ల గసువంటిదే దొరుకుతది. పేరు గూడ కొట్టిస్తరు." దాంతో నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు కాస్త గట్టిగానే వేశాను.

ఆ క్యారేజీ మీద పెద్దనాన్న పేరు ఉంటుంది. చుక్కలు చుక్కలుగా, పక్కనే 1979 అని. పేరులో ఒక అక్షరానికి కొమ్ము మర్చిపోయాడు చెక్కినవాడు, అది అలాగే ఉండిపోయింది. మూత మీదా ఉంది, కొమ్ము లేకుండానే.

సరే, ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతారు కాబట్టి అదీ రాస్తాను. ఈయనకి సిరిమాను చూపించాలని పెళ్ళయినప్పటి నుంచి నా కోరిక. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం కదా విజయనగరంలో పైడితల్లమ్మ జాతర, అప్పటికి ఇక్కడ సెలవులు అయిపోతాయి, అందుకే ప్రతి ఏడూ వాయిదా. ఈసారి పిల్లలకి బడి ఎగ్గొట్టించి మరీ తీసుకెళ్ళాను. సోమవారం తొలేళ్ళు, అంటే జాతర ముందురోజు సంబరం, చూసి రాత్రి ఒంటిగంటకి ఇంటికి చేరాం. మంగళవారం పొద్దున్నుంచే మూడు లాంతర్ల వైపు వెళ్ళే రోడ్లన్నీ జనం. అన్నయ్య స్నేహితుడి బట్టల కొట్టు పైన, డాబా మీద చోటు దొరికింది. మధ్యాహ్నం రెండింటికే ఎక్కి కూర్చున్నాం, ఎండకి డాబా పెనంలా ఉంది.

ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, ఆ వెనకాల సిరిమాను. ఎప్పుడు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అంత పొడవు చింతమాను, ఆ కొసన కుర్చీలో పూజారి, కింద జనం అరుపులు. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757లో, అమ్మవారు విజయనగరం రాజుగారి చెల్లెలని, అన్న చనిపోయాడని తెలిసి పెద్దచెరువులో ఐక్యమైపోయిందని పిల్లలకి చెప్పబోయాను. చిన్నది మధ్యలో ఆపి "ఆయన పడిపోతే?" అంది. ఎనిమిదేళ్ళప్పుడు నేనడిగిందీ అదే. చదురుగుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరగాలి. మొదటిసారి మా ముందు నుంచి వెళ్ళేటప్పుడే కింద నుంచి విసిరిన అరటిపండు ఒకటి దారి తప్పి సరిగ్గా ఈయన కళ్ళజోడుకి తగిలింది. "ఇదేందే, పండ్లు గిట్ల ఇసురుతున్రు?" అని అద్దాలు తుడుచుకుంటూనే, రెండోసారి వచ్చేసరికి తనూ ఒకటి విసిరాడు. అది కింద పోలీసాయన టోపీ దాకా కూడా వెళ్ళలేదు. చిన్నదాని చెప్పు ఒకటి డాబా మీంచి జారి జనంలో పడిపోయింది. అంతే. బాగుంది. చాలా బాగుంది. దాని గురించి ఇంతకంటే రాయాలనిపించడం లేదు ఇవాళ.

బుధవారం నాటుకోడి, గారెలు. గారెలు పెద్దమ్మే వేసింది, డెబ్బై ఆరేళ్ళ మనిషి, పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుంటే లేపడం ఎవరి వల్లా కాదు. సాయంత్రం బండికి క్యారేజీ సర్దిందీ తనే. కింద గిన్నెలో పులిహోర. దాని మీద ఎండు రొయ్యలు, వంకాయ. ఆ పైన పెరుగన్నం. అన్నిటికీ పైన పూరీలు.

ఎండు రొయ్యలు వద్దు పెద్దమ్మా, ఏసీ బోగీ, అన్నాను. "రొయ్యలకి ఏసీ అయితే ఏటి, నాన్ ఏసీ అయితే ఏటి? తినీమ్మా, నీకిష్టమని పెట్టేను" అంది.

ఇష్టమే. అదే కదా బాధ.

విశాఖపట్నంలో ఇంజను అటు నుంచి ఇటు మార్చారు, బండి వచ్చిన దిక్కుకే బయల్దేరింది. పిల్లాడు "మళ్ళీ పెద్దమ్మమ్మ ఇంటికా?" అని గంతులేశాడు. అప్పుడు విప్పాను క్యారేజీ. చిన్నదానికి మూతలో రెండు పూరీలు పెట్టి ఇచ్చాను. తర్వాత గిన్నెలు ఒక్కొక్కటీ తీస్తుంటే రెండో గిన్నె దగ్గరికి వచ్చేసరికి వాసన బోగీ అంతా పాకింది. ఎదురు బెర్తు ఆవిడ దుప్పటి ముక్కు మీదకి లాక్కుంది. వాళ్ళాయనతో, "ఏసీలోంచి ఏదో వాసన వస్తోందండీ, ఎలకేమైనా చచ్చిందేమో, అటెండెంట్‌ని పిలవండి" అంది.

ఇక్కడిదాకా రాసి ఆగాను. మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఎందుకంటే పొద్దున్నుంచి నేను ఈయనతో చెప్తున్న కథలో ఈ ముక్క లేదు. ఆవిడ ఆ మాట అనగానే నేనేం చేశానంటే, గబగబా గిన్నెలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, మూత కూడా వెతక్కుండా పిడి బిగించి, క్యారేజీని బెర్తు కిందకి తోశాను. చేత్తో కాదు, కాలితో. గుమ్మడికాయ వెనక్కి, గోడకి ఆనేదాకా. అది చాలక, ఆవిడ నా వైపు చూస్తే, "అవునండీ, నాకూ వస్తోంది" అన్నాను.

ఈయన పై బెర్తు మీద ఉన్నాడు అప్పుడు. ఏమీ చూడలేదు. పొద్దున బెర్తు కింద గుమ్మడికాయ తీసి, ఆ వెనక చీకట్లో ఇంకోటి ఉందని ఎలా తెలుస్తుంది? పన్నెండు లెక్కపెట్టి దించాడు, నిజమే. పదమూడోది దాచింది నేను.

తన పక్కకి వెళ్ళి చెప్పాలి ఈ మాట. గురక వినిపిస్తోంది. రేపు చెప్తాను.

ఆ రెండో గిన్నెకే అంచు దగ్గర ఒక సొట్ట ఉండేది. దాని కథ చెప్పాలి. అప్పుడు పెద్దమ్మవాళ్ళు విజయనగరంలో కాదు, నెల్లిమర్లలో ఉండేవాళ్ళు. పెద్దనాన్న జూట్ మిల్లులో చేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద, చెవి వెంట్రుకల మీద నార దుమ్ము ఉండేది, గోధుమరంగులో, నూగులా. ఎండాకాలం సెలవులకి నేను వెళ్ళేదాన్ని. మిల్లు కూత కూసే లోపు క్యారేజీ గేటు దగ్గర ఉండాలి, ఆ పని అన్నయ్యది. వాడికి పన్నెండేళ్ళు. సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవు, నిలబడే తొక్కేవాడు. నేను వెనక కూర్చుని క్యారేజీ ఒళ్ళో పెట్టుకునేదాన్ని. వేడి తొడలకి తగిలేది. గౌను మడత వేసుకుని పెట్టుకునేదాన్ని.

ఒకరోజు గోనెల లారీ వెనక నుంచి హారన్ కొట్టింది. అన్నయ్య పక్కకి తిప్పాడు, కంకర. ఇద్దరం, సైకిలు, క్యారేజీ తలో దిక్కు. నా మోచెయ్యి చీరుకుపోయింది, అది కాదు ఏడుపు. కొక్కెం ఊడి రెండో గిన్నె దొర్లిపోయి, పప్పంతా రోడ్డు మీద ఉంది. మామిడికాయ పప్పు. పచ్చటి ముక్కలు కంకరలో కనపడుతున్నాయి. అన్నయ్య ఆ గిన్నెని చొక్కాతో తుడిచి మళ్ళీ మధ్యలో పెట్టేశాడు, ఖాళీదే. కుక్క తరిమిందని చెప్దాం అన్నాడు. గేటు దగ్గర పెద్దనాన్న విప్పి చూసి, మా మోకాళ్ళు చూసి, "ఏ రంగు కుక్కరా?" అన్నాడు. మేమిద్దరం ఒకేసారి చెప్పాం. నేను నలుపన్నాను, వాడు ఎరుపన్నాడు.

ఆయన ఏమీ అనలేదు. టీ కొట్టులో ఒక ఉల్లిపాయ అడిగి తెచ్చుకుని మజ్జిగన్నం తిన్నాడు. మాకు చెరో బన్ను కొనిపెట్టాడు.

అసలు సంగతి రాత్రి జరిగింది. పెద్దమ్మ అడిగింది, "పప్పు ఎలగుంది?" అని. మేమిద్దరం ఊపిరి బిగపట్టాం. పెద్దనాన్న తాపీగా, "ఉప్పు కాసింత ఎక్కువైనాది" అన్నాడు. అంతే, పెద్దమ్మకి కోపం వచ్చింది. కొలిచే వేశానంది, మీ అమ్మగారి వంటలో ఉప్పే ఉండేది కాదు, అందుకే మీకు అలా ఉందంది, పడుకునేదాకా సణిగింది. కానీ పప్పు కడుపులోకి వెళ్ళిందా లేదా అన్న అనుమానం మాత్రం ఆవిడకి లేశం రాలేదు. గిన్నె సొట్ట గురించి మర్నాడు అడిగితే మిల్లులో చెయ్యి జారిందన్నాడు.

ఆయన పోయి పదకొండేళ్ళయింది.

ఇవాళ సాయంత్రం ఏడింటికి పెద్దమ్మ ఫోన్. "చేరిపోనారా? పిల్లలు తిన్నారేటి? రొయ్యలు ఎలగున్నాయి?"

నేను సూపర్ అన్నాను. చాలా బాగున్నాయి పెద్దమ్మా అన్నాను. బోగీలో అందరూ రెసిపీ అడిగారని కూడా అన్నాను! అంత అవసరమా? అవతల ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. పెద్దనాన్నయితే ఉప్పెక్కువైందని ఊరుకునేవాడు. నాకా తెలివి లేదు, అబద్ధం మొదలెడితే పండగ భోజనంలా వడ్డిస్తాను.

తర్వాత అంది, "క్యారేజీ కడిగీసి పెట్టమ్మా. దీపావళికి అన్నయ్య అటు వస్తాడు, ఇచ్చీ."

కడిగి పెట్టాను పెద్దమ్మా, అన్నాను. కొంత నిజమే. మూత కడిగాను.

దీపావళికి రెండు వారాలు కూడా లేదు. బేగంబజారు ఆలోచన అంత తప్పేం కాదేమో అని పదింటికి అనిపించింది. నాలుగు గిన్నెలది కొని, ఈ పాత మూత దాని మీద పెడితే? టేపు తెచ్చి మూత కొలిచాను కూడా, ఆరు అంగుళాలకి కాస్త తక్కువ. తర్వాత నాకే సిగ్గనిపించింది. కొత్త గిన్నెలకి సొట్ట ఎవరు పెడతారు? నేనే గోడకేసి కొట్టాలా?

139 వాళ్ళ నుంచి మెసేజ్ ఏదీ లేదు. ఇప్పటికి ఆ బోగీ శుభ్రం చేసే మనిషెవరో చీపురు ఆ మూల దాకా పెట్టే ఉంటారు. లేకపోయినా రేపు ఎండెక్కితే రొయ్యల వాసనే పట్టిస్తుంది. నిన్న రాత్రి ఏ వాసన తొక్కిపెట్టాలని చూశానో, ఇవాళ దాని మీదే ఆశ పెట్టుకున్నాను. ఎదురు బెర్తు ఆవిడ వింటే ఏమంటుందో.

ఈయనకి పొద్దున్నే చెప్పేస్తాను, కాఫీ ఇచ్చి. పెద్దమ్మకి మాత్రం ఇంకా ధైర్యం రావడం లేదు. ముందు అన్నయ్యకి ఫోన్ చేస్తాను. ఆ రోజు సైకిలు తొక్కింది వాడే కదా. ఈసారి కుక్క ఏ రంగో ఇద్దరం ముందే అనుకోవాలి.