ఆటలయ్యాక ఊరికి మిగిలేదేమిటి?

కెనడాలోని మాంట్రియల్‌లో 1976 ఒలింపిక్స్ పదహారు రోజుల్లో ముగిసినా, వాటి కోసం చేసిన అప్పు తీరేసరికి 2006 వచ్చింది. మగవాడు బిడ్డను కనడం ఎంత అసంభవమో ఒలింపిక్స్‌కు లోటు రావడం అంత అసంభవమని నాటి మేయర్ జాన్ ద్రాపో ధీమాగా చెప్పాడు. ఆ అసంభవాన్ని పూడ్చడానికి ఆ నగరమున్న క్యూబెక్ రాష్ట్ర ప్రభుత్వం పొగాకుపై ప్రత్యేక పన్ను వేయడంతో, ఆటల నాటికి పుట్టనైనా పుట్టనివారు సైతం పెద్దయ్యాక సిగరెట్టు పెట్టె కొన్న ప్రతిసారీ స్టేడియం బాకీలో తమ వంతు కట్టారు. ఇంతా చేస్తే, స్టేడియం పైకప్పును ఎత్తి దించడానికి తలపెట్టిన వాలు గోపురం 1987 దాకా పూర్తి కాలేదు. 1991లో 55 టన్నుల కాంక్రీటు దూలం ఊడిపడింది. 1999లో మంచు బరువుకు కప్పు చిరిగిపోయింది.

పెద్ద క్రీడోత్సవాలతో నగరాలకు శాశ్వత ప్రయోజనం ఉంటుందనేవారు 1992 నాటి బార్సిలోనాను చూపిస్తారు. అది అబద్ధం కాదు. పట్టాలూ ఫ్యాక్టరీలూ అడ్డుగా ఉండి, పక్కనే ఉన్నా జనానికి అందని సముద్రం ఆ ఆటల పుణ్యమా అని అందుబాటులోకి వచ్చింది. ఇసుక తెచ్చి పోసి తీరాన్ని తీర్చిదిద్దారు, నగరం చుట్టూ రింగురోడ్డు వేశారు. అయితే మొత్తం ఖర్చులో క్రీడా వేదికల వాటా పదో వంతుకు మించలేదన్న సంగతిని వారు అంతగా ప్రస్తావించరు. నా దృష్టిలో అసలు కీలకం అక్కడే ఉంది: ఊరికి ఎటూ కావలసిన పనులకు ఆటలు ఒక గడువు పెడతాయి, కదలని ఫైళ్లను కదిలిస్తాయి, అంతకుమించి వాటికి మహిమేమీ లేదు. జపాన్ బుల్లెట్ రైలు షింకాన్‌సెన్ 1964 టోక్యో ఒలింపిక్స్‌కు తొమ్మిది రోజుల ముందు ప్రారంభమైంది కాబట్టి దాన్నీ ఆటల ఖాతాలోనే రాస్తుంటారు గానీ, ఆ మార్గానికి శంకుస్థాపన జరిగింది 1959 ఏప్రిల్‌లో. టోక్యోకు ఆటలు ఖరారైంది ఆ మరుసటి నెలలో.

ఏథెన్స్‌లోనూ అంతే. 2004 ఆటలకు ముందు వచ్చిన మెట్రో, కొత్త విమానాశ్రయం నేటికీ జనానికి పనికొస్తుండగా, పాత విమానాశ్రయ స్థలంలో కట్టిన హాకీ, సాఫ్ట్‌బాల్ మైదానాల్లో ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలు మొలిచాయి.

పర్యాటకులు వెల్లువెత్తుతారన్న వాదనకు నేను పెద్దగా విలువ ఇవ్వను. ఆటల రద్దీకి జడిసి మామూలు యాత్రికులు రావడం మానుకుంటారు. లండన్ ఆటలు జరిగిన 2012 ఆగస్టులో బ్రిటన్‌కు వచ్చిన విదేశీయుల సంఖ్య అంతకు ముందటి ఏడాది ఆగస్టు కంటే తగ్గింది.

1984లో లాస్ ఏంజెలెస్ మిగులు కళ్లజూసిందంటే, అదీ ఒక విధంగా మాంట్రియల్ చలవే. ఆ అప్పుల కథ విన్నాక బరిలో మరో నగరం నిలవకపోవడంతో, నష్టం వస్తే తన ఖజానా భరించదని లాస్ ఏంజెలెస్ ముందే షరతు పెట్టగలిగింది. 1932 ఆటలు జరిగిన పాత కొలీజియం స్టేడియంలోనే ప్రారంభోత్సవం కానిచ్చింది. మిగిలిన 20 కోట్ల డాలర్లకు పైగా సొమ్ములో కొంత దక్షిణ కాలిఫోర్నియా పిల్లల ఆటలకు వెళ్లింది.

మాంట్రియల్ స్టేడియం మాత్రం ఇంకా చేయి చాస్తూనే ఉంది. దాని కప్పును మరోసారి మార్చడానికి 87 కోట్ల కెనడా డాలర్లు వెచ్చిస్తామని క్యూబెక్ ప్రభుత్వం 2024లో ప్రకటించింది.