ఓడ చేయిస్తున్నారు సరే, తలుపేదీ?

వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) రోజులొస్తే చాలు, ప్రతి క్రైస్తవ సంఘంలోనూ ఒక నోవహు ఓడ, అంటే జలప్రళయంలో నోవహు కుటుంబాన్నీ జంతువులనూ కాపాడిన ఓడ బొమ్మ, తయారవుతుంది. గుండ్రటి అడుగున్న బుల్లి పడవ, దాని మీద ఓ గుడిసె, కప్పులోంచి పొడుచుకొచ్చిన రెండు జిరాఫీ తలలు, వెనకాల ఇంద్రధనస్సు. ముద్దుగానే ఉంటుంది. ఇప్పుడు దాని పక్కన బైబిల్లో ఆదికాండము 6వ అధ్యాయం తెరిచి పెట్టండి. మూడువందల మూరల పొడుగు, ఏబది మూరల వెడల్పు, ముప్పది మూరల ఎత్తు, మూడు అంతస్థులు, అరలు, లోపటను వెలుపటను కీలు (తారులాంటి పూత), ప్రక్కను తలుపు. ఇంత విడమరిచి దేవుడే చెప్తే, మనం పిల్లలచేత చేయించేది వేరేది. కొలత తప్పినా సర్దుకోవచ్చేమో గానీ, తలుపు లేకుండా ఓడ చేయించడం మాత్రం ఒప్పుకోలేం.

7వ అధ్యాయం 16వ వచనం (7:16) చూడండి. జంతువులన్నీ ఎక్కాయి, ఎనిమిదిమంది మనుషులూ ఎక్కారు. "అప్పుడు యెహోవా ఓడలో అతని మూసివేసెను." ఓడను తన చేతులతో కట్టిన నోవహు తలుపు మాత్రం వేయలేదు. వేసే పని దేవుడు తన దగ్గరే ఉంచుకున్నాడు. జిరాఫీ తల కప్పులోంచి బయట ఉంటే ఆ మూయడానికి అర్థమేముంది? లోపలున్నవాళ్లు పూర్తిగా లోపలే ఉన్నారు. పిల్లల చేతికి అందాల్సింది ఆ సంగతి.

కొలత సులువు. పది మూరలకు ఒక సెంటీమీటరు వేస్తే ఓడ 30 సెం.మీ. పొడుగు, 5 వెడల్పు, 3 ఎత్తు. అంటే బడి స్కేలంత పొడుగు. చార్టు అట్టలోంచి 36×11 సెం.మీ. ముక్క తీసుకుని నాలుగు అంచుల నుంచీ 3 సెం.మీ. లోపలికి గీతలు గీయించండి. పొట్టి అంచు నుంచి పొడుగు గీత వెంబడి 3 సెం.మీ. చొప్పున నాలుగు కోతలు వేయాలి. మూలల్లో వచ్చే చదరాలు కత్తిరించి పారేయకండి, జిగురు రాసి అతికించేది వాటినే. పొట్టి గోడ వెనకాల రెండు చదరాలూ ఒకదానిమీద ఒకటి సెంటీమీటరు మేర ఎక్కుతాయి, అంతమేరా గోడ గట్టిపడుతుంది. కప్పుకు 31.4×6.4 ముక్క చాలు, చుట్టూ అర సెంటీమీటరు అంచు మడవాలి. కప్పు లోపలి కొలత సరిగ్గా 30×5 పెడితే అట్ట మందం వల్ల ఓడ మీద కూర్చోదు, అందుకే రెండువైపులా ఆ కాస్త ఎక్కువ. 22×28 అంగుళాల చార్టు ఒక్కదానిలో ఆరు ఓడలూ వాటి ఆరు కప్పులూ వస్తాయి. ముప్పైమంది పిల్లలకు ఐదు చార్టులు.

మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నును స్కేలు ఆనించి గీతల మీద గట్టిగా నొక్కి లాగించండి. ఈ పని చేయకపోతే ముప్పై సెంటీమీటర్ల మడత ఎక్కడో ఒకచోట పక్కకు పోతుంది, ఓడ మెలితిరుగుతుంది.

పొడుగు గోడలు మధ్యలో బయటికి ఉబ్బుతాయి. చాలామంది మందమైన అట్ట కోసం పరుగెడతారు. అక్కర్లేదు, "అరలు పెట్టి" అని వాక్యంలోనే ఉంది. పాత శుభలేఖల అట్టలోంచి 7×2.8 ముక్కలు మూడు కోసి, రెండు కొసలూ సెంటీమీటరు మడిచి, 7.5, 15, 22.5 సెం.మీ. దగ్గర నిలబెట్టి అతికించండి. గోడలు నిటారుగా నిలుస్తాయి, నాలుగు గదులూ వస్తాయి. అంతస్థులకు బయటివైపు సెంటీమీటరుకొక గీత చాలు. కిటికీ "పైనుండి మూరెడు" గనుక మన లెక్కలో అదొక మిల్లీమీటరు. కప్పు అంచు మీద గీతగా గీయనివ్వండి.

ఇక తలుపు. మడిచే ముందే కోయాలి, పెట్టెగా మారాక కత్తెర దూరదు. అడుగు నుంచి సెంటీమీటరు పైన, 2 సెం.మీ. వెడల్పు, 1.5 ఎత్తు. ఎడమ అంచు వదిలేసి మిగతా మూడు వైపులా కోస్తే తలుపు బయటికి తెరుచుకుంటుంది. అర అతికే చోటికి తలుపు రాకుండా చూసుకోండి, వస్తే తెరిచినప్పుడు అట్టముక్క అడ్డంగా కనిపిస్తుంది. తలుపు కొసకు చిన్న దారపు ఉచ్చు, తలుపుకు కుడిపక్కన అదే గోడకు చొక్కా గుండీ ఒకటి కుట్టించండి. రెండూ బయటే ఉండాలి. లోపల పిడి గానీ గడియ గానీ పెట్టనివ్వకండి. "టీచర్, మరి నోవహు లోపల్నుంచి తలుపెలా వేశాడు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న రావడానికే కదా ఇంత శ్రమ.

కీలు బదులు కొవ్వొత్తి ముక్క రుద్దించండి. పోస్టరు రంగు నీళ్లగా కలిపి రెండువైపులా పూస్తే చార్టు ముడతలు పడుతుంది. వరస మాత్రం తప్పకూడదు: మైనం మీద తెల్ల జిగురు పట్టదు. అందుకని లోపలివైపు జిగురు తగిలే మూలలూ పొట్టి గోడలూ అరల చోట్లూ వదిలేసి రుద్ది, అతికించి, బట్టల క్లిప్పులు పెట్టి ఆరనిచ్చి, ఆ తర్వాత బయటంతా రుద్దాలి. మూలల్లోనూ తలుపు చుట్టూ కోసిన అంచుల్లోనూ మరోసారి. వెలుపల ఒక్కటే రుద్దిన ఓడను నీళ్ల పళ్లెంలో పెట్టి చూపించండి, కోసిన అంచుల్లోంచి తడి ఎలా పాకుతుందో పిల్లలే కనిపెడతారు.

జంతువులకు కాగితం రెండుగా మడిచి, మడత పైకి ఉండేలా బొమ్మ గీసి, వీపు దగ్గర మడత తెగకుండా కత్తిరిస్తే జంట జంటగా వాటంతట అవే నిలబడతాయి. ఎత్తు 2.5 సెం.మీ. దాటకూడదు, జిరాఫీ అయినా సరే. కప్పు మూతపడాలి.

తలుపు ఆ రోజే వేయించేస్తారు చూడండి, అక్కడే బాధ. "ఇంకను ఏడు దినములకు" అని దేవుడు ముందే చెప్పాడు. ఆ ఏడు రోజులూ తలుపు తెరిచే ఉంది. ఒక ఆదివారం ఓడ చేయించి, తలుపు తెరిచే ఉంచి, వారమంతా క్లాసులోనే పెట్టండి. వచ్చే ఆదివారం 7:10 నుంచి 16 దాకా చదివి, ఉచ్చును గుండీకి తగిలించండి. బయట ఉండిపోయినవాళ్ల గురించి పిల్లలు అడిగితే మాట దాటేయకండి, భయపెట్టే బొమ్మలూ గీయించకండి. నోవహు నీతిని ప్రకటించాడని యేసు శిష్యుడు పేతురు రాశాడు. తలుపు అన్నాళ్లు తెరిచి ఉందని చెప్పండి. "నేనే ద్వారమును" అన్న యేసు ప్రభువు మాట చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

మూసిన తలుపును జిగురుతో అతికించేయడం ఇంకో తొందరపాటు. మొదటి నెల తొలిదినాన నోవహు ఓడ కప్పు తీసి చూశాడు, నేల ఆరింది. అయినా దిగలేదు. రెండవ నెల ఇరువదియేడవ దినాన "బయటికి రండి" అని దేవుడు చెప్పేదాకా, దాదాపు రెండు నెలలు, ఆరిన నేలను చూస్తూ లోపలే ఉన్నాడు. కాబట్టి కప్పు ఎప్పుడైనా పైకి తీసేలా ఉండాలి, తలుపు మాత్రం మాట వచ్చాకే తెరవాలి. పిల్లలతో ఓడను ఇంటికి పంపండి. అమ్మో నాన్నో 8:15, 16 పైకి చదివాక ఉచ్చు విప్పమనండి. ఆ వచనాల అంకెలు ఓడ అడుగున రాయించాలి, అదీ మైనం రుద్దకముందే. రుద్దాక పెన్ను సాగదు.