పన్నెండో చాకు: కడియం నుంచి అంతర్వేది దాకా

నేను సేకరించిన పెట్టెలో పదకొండు మడత చాకులున్నాయి. పన్నెండోది ఏదన్నది ఫొటోలు చూసి తేలే సంగతి కాదు. చాకుతో పని పడే చోటికి వెళ్లి, అక్కడి వాళ్ల చేతుల్లో ఏముందో చూడాలి. అందుకే భాద్రపదం చివర్లో, వరద తగ్గి పంటు (నది దాటించే బల్లకట్టు) మళ్లీ తిరగడం మొదలయ్యాక, రెండు రోజులు గోదావరి డెల్టా తిరిగాను. రాజమహేంద్రవరంలో మొదలై కడియం, రావులపాలెం, అంబాజీపేట, రాజోలు మీదుగా అంతర్వేది, అక్కణ్ణుంచి నరసాపురం, మళ్లీ వెనక్కి.

బయల్దేరే ముందు పదకొండింటినీ బల్ల మీద పరిచాను. నాలుగు తాళం లేకుండా వెన్ను స్ప్రింగు మీద నిలిచేవి, లోపలి పలక పక్కకు వచ్చి బ్లేడును ఆపే మూడు లైనర్ లాక్‌లు, వెన్ను మీద మీట నొక్కితే వదిలే రెండు బ్యాక్ లాక్‌లు, ఉంగరం తిప్పితే బిగిసేది ఒకటి, విక్టోరినాక్స్ వాళ్ల 91 మిల్లీమీటర్ల ఎర్ర చాకు ఒకటి. తాళాలు వేరు, పిడులు వేరు, ఉక్కులు వేరు. అంచు మాత్రం అన్నింటికీ ఒకటే: రెండు ముఖాలా సాన (అంచు వైపు వాలు), మొన దగ్గర పైకి తిరిగే పొట్ట. సేకరణ పెరిగేకొద్దీ జరిగేది ఇదే. పిడి కొత్తది కదా అని కొంటాం, తీరా చూస్తే పని చేసే అంచు పాతదే. ఈసారి అంచు చూసి కొనాలని అప్పుడే అనుకున్నాను.

మూడింటిని జేబులో, సంచిలో వేసుకున్నాను. చెక్క పిడి ఉన్న కార్బన్ ఉక్కు చాకు, డి-2 అనే గట్టి పనిముట్ల ఉక్కుతో చేసిన లైనర్ లాక్, ఆ ఎర్ర చాకు. చట్టం సంగతి ఒక మాట. ఇల్లు, సేద్యం, శాస్త్రం, పరిశ్రమల పనికి తయారైనవి కాకుండా, బ్లేడు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. జేబు చాకు బ్లేడు సాధారణంగా 6 నుంచి 9 సెంటీమీటర్లే. అయినా గుడికి వెళ్లేటప్పుడు బండిలోనే వదిలెయ్యండి. విమానంలో అయితే చేతిసంచిలో పెట్టకండి, చెక్-ఇన్ సామానులో వెయ్యండి.

కడియపులంక దగ్గర హైవేకి రెండు పక్కలా నర్సరీలే. ఒకదాంట్లో షేడ్‌నెట్ కింద నలుగురు వరసగా కూర్చుని మామిడి అంట్లు కడుతున్నారు. అందరిలోకి పెద్దాయన చేతిలోనిదీ మడత చాకే గానీ, నా పెట్టెలో అలాంటిది లేదు. అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఒక ముఖం పూర్తిగా చదును, సాన రెండో ముఖానికే.

“బాబాయ్ గారూ, మామూలు చాకుతో కుదరదా?” అన్నాను.

“తెగుద్దండి, తెగకేం! అంటు అతకదు. ఒక్క లాగుడులో రావాలండి. రెండోసారి చెక్కామంటే మధ్యలో మెట్టు పడిపోద్ది, అందులో గాలి దూరిపోద్ది.”

ఆయన పనిని దగ్గరగా చూశాను. పెన్సిలు లావు పుల్ల, 10–15 సెంటీమీటర్ల పొడవు. దాని ఆకుల్ని వారం పది రోజుల ముందే తొడిమలు ఉంచి కత్తిరించేశారు, మొగ్గ ఉబ్బడానికి. పుల్ల ఎడమచేతిలో, చాకు కుడిచేతిలో. మణికట్టు కదలలేదు, మోచెయ్యి మొత్తం వెనక్కి వచ్చింది. 3–4 సెంటీమీటర్ల ఏటవాలు కోత, అద్దంలా మెరుస్తోంది. కోత చుట్టూ బెరడుకీ కర్రకీ మధ్య సన్నని ఆకుపచ్చ గీత. ఆ పొర అంటు కట్టబోయే వేరుమొక్కలోని అదే పొరకు తగిలితేనే అంటు బతుకుతుంది.

చదును ముఖం ఎందుకో ఆ కోత చూస్తే తెలుస్తుంది. రెండు వైపులా సాన ఉన్న బ్లేడు చెక్కలోకి దిగుతూ రెండు పక్కలకూ తోస్తుంది. అంచు దారి తప్పి కోత గుంట పడుతుంది, బెరడు అంచు నలుగుతుంది. చదును ముఖం పుల్లకు ఆని జారితే ఆ ముఖమే కోతకు కొలబద్ద అవుతుంది. పెద్దాయన అనుమతితో పక్కన పారేసిన పుల్ల ఒకటి తీసుకుని నా డి-2 చాకుతో అదే కోత కోశాను. ఆయన కోసిన ముక్కకు ఆనించి వెలుగుకు పట్టి చూస్తే మధ్యలో తెల్లటి సందు కనిపించింది. చాకు పదునుదే, కొత్తగా సానపట్టిందే. అంచు ఆకారమే ఆ పనికి పనికిరాదు.

అవతల గులాబీలకు మొగ్గంటు కడుతున్న అమ్మాయి చాకుకు వెనక చిన్న నాలుక ఉంది. బెరడు మీద ‘టి’ ఆకారంలో గాటు పెట్టాక, ఆ మొద్దు నాలుకతో బెరడు లేపి మొగ్గను లోపలికి దూరుస్తారు. ఇత్తడిదైనా ప్లాస్టిక్‌దైనా దానికి అంచు ఉండకూడదు, ఉంటే లోపలి పచ్చపొర గీరుకుపోతుంది. చెట్టు మారినప్పుడల్లా బ్లేడును స్పిరిట్ దూదితో తుడుస్తున్నారు. రోగం చాకు మీదే ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్తుంది.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటితే రావులపాలెం. అరటి మార్కెట్లో కర్పూర గెలలు, చక్కెరకేళీ గెలలు కొండల్లా ఉన్నాయి. ఇక్కడ కార్బన్ ఉక్కు చాకు తీశాను. గెల నుంచి ఒక అత్తం కోశాక తుడవకుండా ఉంచి చూశాను. కాసేపటికే బ్లేడు మీద కసరు (అరటి జిగురు) తగిలిన చోట నీలం-నలుపు మచ్చ పరుచుకుంది. కసరులోని టానిన్ ఇనుముతో కలిసి కట్టే రంగు ఇది. కొత్తగా సేకరించేవాళ్లు దీన్ని తుప్పనుకుని ఇసుక కాగితంతో రుద్దేస్తారు. అలా చెయ్యకండి. నల్ల పొర ఉక్కును కొంత కాపాడుతుంది. ఉక్కును తినేసేది ఎర్ర తుప్పు, గోటితో గీస్తే పొడిగా రాలుతుంది. దాన్ని మాత్రం వెంటనే నూనె, మెత్తటి స్టీల్ ఉన్నితో తీసెయ్యాలి. లేకపోతే కింద గుంటలు పడతాయి, గుంట అంచు దాకా వచ్చిందంటే ఎంత సానపట్టినా అక్కడ పన్ను ఊడినట్టే ఉంటుంది.

అంబాజీపేట చేరేసరికి వాన. కొబ్బరి వలిచే చోట మడత చాకుకు పని లేదని ముందే తెలుసు, దాన్ని కళ్లారా చూశానంతే. వలుపుకి నేలలో నిలిపిన గునపం, బొండాం చెక్కడానికి బరువైన కత్తి, చిప్ప నుంచి కొబ్బరి ఊడదియ్యడానికి మందపాటి మొద్దు బ్లేడు. మడత చాకు మొన చిప్పలో దూర్చి మెలిపెడితే రెండే జరుగుతాయి. మొన విరుగుతుంది, లేదా ఇరుసు పిన్ను వదులై బ్లేడు పక్కలకు ఊగుతుంది. పాత చాకు కొనేటప్పుడు ఊగుడు కనిపిస్తే ఇలాంటి పనికి వాడారని అనుమానించాలి.

ఇక్కడ అందరూ చాకుకు కొబ్బరి నూనె రాస్తారు. అది మరీ తప్పేం కాదు. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె గాలికి జిగురై ఇరుసులో పట్టేస్తాయి, కొబ్బరి నూనె అంత తొందరగా జిగురవ్వదు. దాని లోపం వేరు. సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. ధనుర్మాసం పొద్దున్నే చాకు తెరవబోతే బిగుసుకుని ఉంటుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఇరుసులో ఒక చుక్క, బ్లేడు మీద తుడిచినంత పల్చగా రాస్తే చాలు. పండ్లు కోసే చాకుకైనా ఇబ్బంది లేదు. పీచు పొట్టు ఇరుసులో చేరినప్పుడు మాత్రం దాని మీదే నూనె పొయ్యకండి, ముద్ద కడుతుంది. ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లలో తెరిచి మూసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తర్వాతే నూనె.

ఆ వానలో చెక్క పిడి చాకు మొరాయించింది. లోపల లోహపు పలకలు లేని పిడి. తేమకు చెక్క ఉబ్బి బ్లేడును రెండు వైపులా పట్టేసింది. గోరు గాడిలో ఆనడం లేదు. ఎండలో పెడితే పైన పగుళ్లిస్తుంది కాబట్టి, గదిలో ఫ్యాను గాలికి రాత్రంతా తెరిచే ఉంచాను. తెల్లారేసరికి వదిలింది. డెల్టాలో చెక్క పిడి కొనాలంటే లోపల ఇత్తడి గానీ స్టీలు గానీ పలకలు ఉన్నదే కొనాలి.

పి.గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మ అక్విడక్టు మీదుగా రాజోలు, అక్కణ్ణుంచి సఖినేటిపల్లి, అంతర్వేది. గుడికి ఆవల పల్లిపాలెంలో పడవల మీద చాకు మళ్లీ మారిపోయింది. ఇక్కడ మొన అక్కర్లేదు. ఊగే పడవలో మొన ఉన్న చాకు వలనో, పక్కవాడి చేతినో గుచ్చుతుంది. మొన కిందికి వంగి, అంచు తిన్నగా ఉండే బ్లేడు కావాలి. నైలాన్ తాడుకు రంపపు పళ్లు ఉంటే మరీ మంచిది. నున్నటి అంచు తడి నైలాన్ మీద జారుతుంది, పళ్లు పట్టుకుని కోస్తాయి. రంపపు అంచుకు సాన పట్టడం ఓపిక పని. సన్నని గుండ్రటి కడ్డీతో ఒక్కో గాడిలో, సాన ఉన్న వైపు నుంచే రుద్దాలి. రెండో వైపు చదునుగా ఒకసారి లాగితే చాలు.

ఉప్పుగాలి ఉక్కుల అసలు రంగు బయటపెట్టింది. సాయంత్రానికి డి-2 బ్లేడు మీద చెక్కిన అక్షరాల అంచుల్లో ఆవగింజంత గోధుమ చుక్కలు లేచాయి. డి-2లో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, ఆ అంకె చూసి స్టెయిన్‌లెస్ అనుకుంటారు. కానీ అందులో కార్బన్ కూడా 1.5 శాతం దాకా ఉంటుంది. అది క్రోమియంలో చాలా భాగాన్ని గట్టి రేణువులైన కార్బైడ్‌లుగా కట్టేస్తుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. ఎర్ర చాకు మీద ఒక్క మచ్చ లేదు. దాని ఉక్కు మెత్తన, కాఠిన్యం కొలతలో రాక్‌వెల్ 56 ప్రాంతం. పదును త్వరగా పోతుంది గానీ ఇంట్లో సానరాయి మీద అయిదు నిమిషాల్లో తిరిగి వస్తుంది. పూర్తిగా సముద్రం పనికే కొనేవాళ్లకు నత్రజని కలిపిన హెచ్-1, ఎల్‌సి200ఎన్ లాంటి ఉక్కులున్నాయి. ఉప్పునీటికి అవి దాదాపు చలించవు. ధర కూడా అలాగే ఉంటుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు అవతలి ఒడ్డున ఉంది. ఆగిన సమయంలో లైనర్ లాక్‌ను తిరగేసి చూశాను. కొత్త చాకు చేతికొచ్చినా చూడాల్సినవి ఇవే. తెరిచినప్పుడు లైనర్ బ్లేడు మడమ (పిడిలోకి వెళ్లే చివర) వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఎక్కాలి. అంచుకే తగిలితే జారుతుంది, అవతలి పలక దాకా వెళ్లిపోతే అరిగిందని అర్థం. బ్లేడు పక్కలకు ఊగితే ఇరుసు స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు బిగించి చూడాలి, చాలావరకు పోతుంది. పైకీ కిందికీ ఊగితే కొనకండి, తాళం ముఖాలే కుదరలేదన్నమాట. తాళం లేని రకానికి పరీక్ష వేరు. తెరిచినప్పుడూ, మూసినప్పుడూ వెన్ను స్ప్రింగు పిడితో సమంగా ఉండాలి. వెలుగుకు పట్టి చూస్తే స్ప్రింగుకీ పలకలకీ మధ్య వెలుగు రాకూడదు. మూసినప్పుడు అంచు స్ప్రింగుకు తగలకూడదు. తగిలితే ప్రతి మూతకూ ఒకే చోట మొండిబారుతుంది.

పంటు వశిష్ట పాయ దాటేలోపు రెండు చాకులే మిగిలాయి: పడవల రంపపు చాకు, నర్సరీ వాళ్ల చదును చాకు. మొదటిది మంచిదే. కానీ ఊళ్లో ఉండేవాడి చేతిలో అది ఏడాదికి నాలుగు తాళ్లు కోస్తుంది. రెండోది పెరట్లో రోజూ పనికొస్తుంది, పైగా చేతికి కొత్త విద్య నేర్పుతుంది. నరసాపురంలో చేపల మార్కెట్ చూసి, చించినాడ వంతెన మీదుగా వెనక్కి తిరిగాను.

కడియంలో వ్యవసాయ పనిముట్ల కొట్టులో ఒకే రకం అంటు చాకులు మూడు బల్ల మీద పెట్టించాను. స్టెయిన్‌లెస్ బ్లేడు 6.5 సెంటీమీటర్లు, నైలాన్ పిడి, ఇత్తడి పలకలు. మూడూ కుడిచేతివే. ఎడమచేతి వాళ్లు సాన రెండో ముఖాన ఉన్నది అడిగి తెప్పించుకోవాలి, కుడిచేతి చాకు వాళ్లకు ఎదురు తిరుగుతుంది. కొట్టతని ఫోను అద్దం మీద ఒక్కో బ్లేడు చదును ముఖాన్ని ఆనించాను. మొదటిదాని మధ్యలో వెంట్రుకంత వెలుగు. రెండోదాని మొన లేచి ఉంది, ఎవరో రాయి మీద చదును ముఖాన్ని ఎత్తిపట్టి రుద్దినట్టున్నారు. ఆ ఒక్క తప్పు చేస్తే అది మామూలు చాకయిపోతుంది. దీనికి సాన అంటే 1000 నంబరు రాయి, తర్వాత అంతకన్నా నున్నటి 3000 నంబరు రాయి మీద సాన ముఖాన్నే దాని వాలులో రుద్దడం. అంచున తీగలా లేచిన లోహాన్ని తియ్యడానికి చదును ముఖాన్ని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి ఒకటి రెండు సార్లు లాగి ఆపెయ్యడం.

మూడోది అద్దానికి అతుక్కుంది. వెలుగు లేదు.

దాన్ని తీసుకుని పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన ఒక మామిడి పుల్ల ఇచ్చారు. మణికట్టు బిగించి, మోచెయ్యి వెనక్కి లాగాను. ఆ ముక్కను ఆయన కోసినదానికి ఆనించి వెలుగుకు పట్టి చూశాం. తొడిమ వైపు చివర కొంచెం సందు ఉంది, మిగతా అంతా మూసుకుంది.

“చివర్లో చెయ్యి ఎత్తేశారండి,” అని ఇంకో పుల్ల అందించారు.