గుండెలో పుట్టు లోపం, వదలని జ్వరం

కర్నూలు వార్డుల్లో మళ్లీ మళ్లీ కనిపించే వరస ఇది: వదలని జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో అక్కడక్కడా మచ్చలు. న్యుమోనియా అంటారు, లేదంటే టీబీ. పుట్టు లోపానికి చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయిందా అని ఎవరూ అడగరు, రోగులూ చెప్పరు. అయి ఉంటే అది ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకు, కవాటాలకు పట్టే ఇన్ఫెక్షన్ కావచ్చు; ఆ మచ్చలు గుండె కుడివైపు కవాటం మీది ఇన్ఫెక్షన్ గడ్డ నుంచి తెగి ఊపిరితిత్తుల్లో పడిన ముక్కలు కావచ్చు.

అసలు చిక్కు ఊళ్లో ముందే వేయించుకొచ్చే యాంటీబయాటిక్ సూదితో. అది పడ్డాక కల్చర్‌లో (రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగకపోవచ్చు. మందు మొదలుపెట్టకముందే, వేర్వేరు నరాల నుంచి, అరగంట ఎడంతో కల్చర్‌కు మూడు సెట్లు రక్తం తీయాలి. సీసాకు 8–10 మి.లీ. రెండు మి.లీ. తీసి పంపడం దండగ.

ఎకో (గుండె స్కాన్) బాగుందని ధీమా వద్దు. పల్మనరీ కవాటం (గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోది), కాండ్యూట్ (ఆపరేషన్‌లో అమర్చిన గొట్టం) దగ్గర గొంతులోంచి చేసే ఎకో కూడా తడబడుతుంది.

మందు నరంలోకే 4–6 వారాలు, కృత్రిమ కవాటమైతే కనీసం 6. జ్వరం తగ్గగానే ‘ఇంటికి పోతాం సార్’ అంటారు, తిరగబెట్టేది అప్పుడే. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తుంటే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ ఉండాలి. వారం సరైన మందు పడినా కల్చర్ పాజిటివ్‌గానే ఉన్నా, గడ్డ 20 మి.మీ. దాటి ముక్కలు తెగుతూనే ఉన్నా సర్జన్‌ను పిలవాలి.