ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు కరిగాక, మళ్లీ ఆర్వీలో (పడక, బాత్రూమ్ ఉన్న ఇల్లులాంటి బండిలో)

పిక్క వాచి, చెయ్యి వేస్తే వేడిగా తగులుతోందని అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్‌కి వెళ్తే, అక్కడి డాక్టరు రెండు నిమిషాలు చూసి, "కండరం పట్టేసింది, ఈ వయసులో మామూలే, వేడి కాపడం పెట్టుకోండి" అని పంపేశాడు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి విమానంలో వచ్చి ఎన్నో రోజులు కాలేదని కూడా చెప్పాను. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే గండం ఉంటుంది, అది దిగాక కూడా కొన్ని వారాలు వదలదు. ఒక్క కాలే వాచిందంటే, లోపల రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. మీకెవరికైనా ఇలా వాస్తే, ప్రయాణం సంగతి చెప్పి "డాప్లర్ చేస్తారా?" అని మీరే అడగండి.

ఆ తర్వాతి రాత్రి బాత్రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి ఊపిరి అందలేదు. మంచం నుంచి పట్టుమని పదడుగులు లేదు. గాలి గట్టిగా పీలిస్తే కుడి పక్కటెముకల కింద కత్తి దిగినట్టు పోటు. పడుకోలేను, కూర్చున్నా దడ తగ్గదు. మా ఆయన 911కి ఫోన్ చేశారు. అంబులెన్స్‌లో నా వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్ పెట్టిన కుర్రాడు అందులో అంకె చూసి, ఒక్క మాటైనా అనకుండా ఆక్సిజన్ తగిలించాడు. ఏదో ఒకటి అని ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు కనిపించాయి. పిక్కలో పుట్టి, తెగి, రక్తంతో పాటు పైకి చేరినవి. తెల్లవార్లూ హెపారిన్, అంటే రక్తం గడ్డకట్టనివ్వని మందు, ఎక్కుతూనే ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న కేరళ అమ్మాయి గంటగంటకీ వచ్చి, "అమ్మా" అని పిలిచి, నేను పలికాకే వెళ్లేది. ఆ తల్లి చల్లగా ఉండాలి. మా ఆయన ఇంటికెళ్లి స్వామికి పసుపు బట్టలో ముడుపు కట్టి వచ్చారు. మందుతో పాటు అదీ నన్ను కాపాడిందని నా నమ్మకం.

ఇంటికి పంపేటప్పుడు అపిక్సబాన్ అనే రక్తం పలచబడే మాత్ర రాశారు. మొదటి 7 రోజులు 10 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఆ తర్వాత 5 మి.గ్రా. రెండుసార్లు, కనీసం 3 నెలలు.

చూడ్డానికి వచ్చిన మా ఆడపడుచు, "ఆ ఆర్వీ బండి అమ్మేయండి వదినా, ఇంటిపట్టున కూర్చోక ఈ వయసులో ఈ తిరుగుళ్లేమిటి" అంది. ప్రేమతోనే అంది, నిజమే. కానీ నా మీదికి తెచ్చింది కూర్చోవడమే కదా! రక్తం డాక్టరమ్మ దానికి తిరగేసి చెప్పింది: ఎంత తిరిగితే అంత మంచిది, ఒకేచోట కూర్చోవడమే తగ్గించండి.

పెద్దవాళ్లకు కారు కంటే ఆర్వీ మేలని నేననేది ఇందుకే. కారులో దారి మధ్యలో బాత్రూమ్ దొరకదేమోనని మనవాళ్లు నీళ్లు తాగరు. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. ఆర్వీలో బాత్రూమ్ వెంటే ఉంటుంది కాబట్టి ధైర్యంగా తాగొచ్చు. అయితే బండి నడుస్తుండగా బెల్టు తీసి లేవకూడదు. గట్టిగా బ్రేకు పడితే ఏ గట్టు అంచుకో తల తగులుతుంది. గంటన్నరకోసారి రెస్ట్ ఏరియాలో ఆపి, దిగి, ఐదు నిమిషాలు నడవాలి. కూర్చున్నంతసేపూ మడమలు లేపి దించుతూ, వేళ్లు లేపి దించుతూ ఉండాలి. పిక్క కండరం పిండుతుంటేనే కింది రక్తం పైకెక్కుతుంది.

ఆర్వీవాళ్లు పాటించే మూడుమూళ్ల పద్ధతి ఒకటుంది: రోజుకు 300 మైళ్లు దాటకుండా, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరి, అక్కడ 3 రాత్రులు ఉండటం. డల్లాస్ నుంచి, మేం వెళ్లే దారిలో ఉన్న అమరిల్లో ఊరు 360 మైళ్లు. ఒక్క రోజులో లాగేసేవాళ్లున్నారు. మేం మధ్యలో విచిటా ఫాల్స్‌లో ఆగుతాం.

డబ్బా మీద బిగింపు 15–20 అని ఉండే కంప్రెషన్ సాక్సులు (కాలిని బిగించి పట్టే మేజోళ్లు) పొద్దున మంచం దిగకముందే, కాళ్లు వాయకముందే తొడుక్కోవాలి. తిరగేసి మడమ దాకా లోపలికి లాగి, పాదం దూర్చి, మెల్లగా మోకాలి కిందిదాకా సాగదీయాలి. ముడతపడినా, పై అంచు మడిచినా అదే కట్టులా బిగిసి రక్తాన్ని ఆపేస్తుంది.

క్యాంపులో పని కూడా వ్యాయామమే. చక్రాలకు చెక్కలు పెట్టడం, బ్రేకర్ ఆపి కరెంటు తీగ తగిలించడం, ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి నీళ్ల పైపు బిగించడం. మురుగు వదిలేటప్పుడు ముందు బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్‌ది), తర్వాత గ్రే ట్యాంక్ (సింకు నీళ్లది). సింకు నీళ్లు వెనక పోతే పైపు కడుక్కుపోతుంది. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాళ్లు వీటన్నిటికీ గ్లవ్స్ వేసుకోవాలి, చిన్న గాటుకే రక్తం చాలాసేపు ఆగదు. బండి మెట్లు దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగండి. తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే. మోకాళ్ల నొప్పులకని ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకోవద్దు, ఏది వేసుకోవచ్చో డాక్టరునే అడగండి.

ఇప్పుడు గ్రాండ్ కేనియన్‌కి బయల్దేరుతున్నాం. ఆ పెద్ద లోయ దక్షిణపు అంచు 7,000 అడుగుల ఎత్తు, డల్లాస్ 500 కూడా లేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు ఎత్తు ఒక్కసారిగా మారితే ఆయాసం వస్తుంది. అందుకే అమరిల్లోలో, ఆల్బుకర్కీలో ఆగి, అలవాటు పడుతూ ఎక్కుతాం. కేనియన్ అంచు వెంట నడిచే దారి, రిమ్ ట్రయిల్, చాలాచోట్ల చదునుగా, తారు వేసి ఉంటుంది. అలసిపోతే ఉచిత షటిల్ బస్సెక్కి వెనక్కి రావొచ్చు. మా ఆడపడుచునీ రమ్మన్నాం. సాక్సులు ఏ సైజు కొనాలని నిన్న ఫోన్ చేసి అడిగింది.