అమ్మమ్మ ఊరు ఎన్ని గంటలు?

"అమ్మమ్మ వాళ్ల ఊరు ఎంత దూరం?" అని అమెరికాలో పెరిగే పిల్లలు అడిగితే "ఒక నిద్ర తీసి లేస్తే వచ్చేస్తుంది" అని దాటేయకండి. కూడికలు, తీసివేతలు వచ్చిన పిల్లలకు ఈ లెక్క చెప్పొచ్చు. చెబితే ఆ ఊరు ఫోన్లో కనిపించే గదిగా మిగిలిపోదు, భూమ్మీద ఫలానా చోట ఉందని తెలుస్తుంది.

గోడ మీది మ్యాపు ఇందుకు పనికిరాదు. ధ్రువాల వైపు పోయేకొద్దీ అది దేశాలను సాగదీస్తుంది. గ్లోబు, దారం తీసుకోండి. 30 సెం.మీ. వ్యాసం ఉన్న గ్లోబు మీద 1 సెం.మీ. అంటే సుమారు 425 కి.మీ. ఢిల్లీ నుంచి న్యూయార్కుకు దారం బిగించి పట్టుకుంటే ఉత్తర ధ్రువం వైపు జరిగి 27.5 సెం.మీ. దగ్గర ఆగుతుంది. అంటే దాదాపు 11,700 కి.మీ. గంటకు 900 కి.మీ. చొప్పున 13 గంటలు రావాలి, కానీ టికెట్ మీద అంతకంటే ఎక్కువే ఉంటుంది. విమానం రన్‌వే దాకా మెల్లగా పోయే సమయం, పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు తగ్గే వేగం, మూసిన గగనతలం తప్పించుకునే చుట్టుదారి, ఎదురుగాలి అన్నీ అందులో కలుస్తాయి.

గాలి సంగతి పిల్లలకు భలే నచ్చుతుంది. పైన పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వల్ల లండన్ నుంచి న్యూయార్కుకు సుమారు 8 గంటలు, తిరుగు దారిలో 7 గంటలు. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ బదులు పసిఫిక్ మీదుగా మళ్లించింది. దూరం పెరిగింది, గాలి వెనకనుంచి తోయడంతో సమయం తగ్గింది.

తర్వాత గడియారం. జనవరిలో హైదరాబాద్, షికాగోల మధ్య తేడా 11:30 గంటలు. హైదరాబాద్‌లో రాత్రి 9:30కి బయల్దేరి మర్నాడు మధ్యాహ్నం 2కు షికాగోలో దిగితే గడియారాల ప్రకారం 16:30 గంటలే. దానికి ఆ తేడా కలపాలి, అసలు ప్రయాణం 28 గంటలు. తిరుగు ప్రయాణంలో అదే తేడా తీసేయాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారం ముందుకు జరిగాక తేడా 10:30 అవుతుంది. షికాగోలో రాత్రి 8కి ఫోన్ చేస్తే తాతయ్యకు అప్పటిదాకా ఉదయం 7:30, ఇక నుంచి 6:30. ఈ మార్పు పెద్దవాళ్లకు ముందే చెప్పే పని పిల్లలకే ఇవ్వండి.

టికెట్ కొనేటప్పుడు మొత్తం గంటలు తక్కువ ఉన్నదే మంచిదనుకోవద్దు. మధ్యలో గంటంపావు ఆగే టికెట్ పిల్లలతో గండమే. స్ట్రోలర్ చేతికి రావడానికే ఇరవై నిమిషాలు పట్టవచ్చు, మళ్లీ సెక్యూరిటీ, బాత్రూమ్, ఇంకో టెర్మినల్. మూడు గంటలు ఉంచుకోండి. రెండు విమానాలూ ఒకే బుకింగులో ఉండాలి. విడిగా కొన్న టికెట్లలో మొదటిది ఆలస్యమైతే రెండోదానికి సాధారణంగా ఎవరూ బాధ్యత తీసుకోరు.