సపెరావీ రుచి నాకు మూడు రోజులకు అందింది

మా తమ్ముడు జార్జియాలోని టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. పోయిన ఎండాకాలం హనుమకొండ వస్తూ బట్టల మధ్య చుట్టి ఒక వైన్ సీసా తెచ్చాడు. "సపెరావీ అన్నా. అక్కడ రెడ్ అంటే ఇదే" అన్నాడు. ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి.

తొలిరోజు అస్సలు నచ్చలేదు. మే నెల వేడికి సీసా కూడా వెచ్చబడింది. గుక్క వేయగానే ఘాటు ముక్కుకెక్కింది, వెనకే పులుపు, ఆపైన పచ్చి నేరేడుకాయ కొరికినట్టు వగరు. మూత బిగించి పక్కన పెట్టేశాను.

రంగు మాత్రం నన్ను వదల్లేదు. గ్లాసును ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టినా వెలుగు ఇవతలికి రాలేదు. తెల్ల ప్లేటు మీద ఒలికిన చుక్క, నేరేడు పండు నలిపినట్టు ఊదాగా నిలిచింది. మనం కొనే నల్ల ద్రాక్షను కొరికితే లోపల గుజ్జు లేత ఆకుపచ్చగానే ఉంటుంది కదా. చాలా రెడ్ వైన్లకు రంగు తొక్క నుంచే దిగుతుంది. సపెరావీ అనే ద్రాక్షకు గుజ్జులో కూడా ఎరుపు ఉంటుంది, ఈ వైన్‌కు ఆ పేరే. జార్జియన్‌లో ఆ మాటకు రంగునిచ్చేది అని అర్థమట. వరంగల్ కొత్తవాడలో దర్రీల నూలుకు రంగులద్దడం చూస్తూ పెరిగాను, ఆ పేరు నాకు వెంటనే దగ్గరైపోయింది.

మర్నాడు సీసాను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, గ్లాసులో పోసి గంట వదిలేశాను. కారం ఎక్కువైతే వైన్ మంటను పెంచుతుంది, అందుకే మటన్ కారం తగ్గించి నేనే వండాను. కొవ్వు ముక్క నములుతూ గుక్క వేస్తే నిన్నటి వగరు జాడే లేదు. పులుపు ఒక్కటే మిగిలింది, కూర మీద నిమ్మకాయ పిండుకున్నట్టు. ఎంత బాగుందో!

మూడో రోజు తమ్ముడు ఫోన్‌లో జార్జియాలో వైన్‌కు పేరుపడ్డ కాఖేతి ప్రాంతం ఫొటోలు చూపించాడు. మెడదాకా నేలలో పాతిన మట్టి బానలు. క్వెవ్రి అంటారు. లోపల తేనెమైనం పూసి, ద్రాక్షను తొక్కా గింజా సహా అందులోనే పులియబెడతారు. నేల చల్లదనమే దానికి కాపు. 2013లో యునెస్కో ఆ పద్ధతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. లొట్టి కల్లు తెలిసిన మనకు మట్టికుండలో పులియడం కొత్తేమీ కాదు. కానీ కల్లు సాయంత్రానికే ముదిరిపోతుంది. సపెరావీ ఏళ్లకేళ్లు నిలుస్తుంది, అందులో దాని పులుపు పాత్ర చాలా ఉంది.

ఈసారి రెండు సీసాలు తెమ్మన్నాను, ఒకటి విప్పకుండా దాచడానికి. ఇంట్లో చల్లటి మూల వెతుకుతున్నాను. బియ్యం డ్రమ్ము వెనక నేల మీద చెయ్యి పెడితే, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగానే తగిలింది.